పెద్దలతో మాట్లాడటం నేర్పిన రెబ్కా సిస్టర్ గారు

1987వ సంవత్సరం ఆగస్టు నెల పదిహేడవ తేదీ, సోమవారం ఉదయం, చీమకుర్తి చేరువలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇరవై నాలుగేళ్ళ యువతి ఒకరు స్టాఫ్ నర్సుగా హాజరుపట్టీలో తొలి సంతకం చేశారు. ముప్పై ఏడు సంవత్సరాల పది మాసాల అనంతరం, ఈ 2025 జూన్ ముప్పయ్యవ తేదీ, అదీ సోమవారమే, మన ఏరియా ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటు హోదాలో ఆమె చివరి సంతకం చేయబోతున్నారు. ఈ రెండు సోమవారాల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల రోగార్తులకు శ్రీమతి రెబ్కా గారు అందించిన సేవలను గురించి నాలుగు మాటలు రాయవలసిందిగా ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. ఈ ఆసుపత్రిలో పదిహేనేళ్ళుగా మందులిచ్చే కిటికీ వెనుక కూర్చునేవాణ్ణి నేను. ఎవరికి అర్జీ కావాలన్నా, ఎవరికి వీడ్కోలు పత్రం కావాలన్నా నా కిటికీ దగ్గరకే వస్తారు గనుక ఇటువంటి రాతలు నాకు కొత్త కాదు. అయితే ఇది మాత్రం ఎన్నడూ లేనంత కష్టమైంది. ఎందుకు కష్టమైందో ఈ వ్యాసంలోనే మనవి చేసుకుంటాను.

పర్చూరు ప్రాంతపు నల్లరేగడి పల్లెలో, పత్తి తీసే కూలికి వెళ్ళే తల్లికీ, జిన్నింగు మిల్లులో పనిచేసే తండ్రికీ రెబ్కా గారు పెద్ద కుమార్తెగా జన్మించారు. గుంటూరులోని ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగు విద్య నేర్చి, ప్రభుత్వ సేవలో ప్రవేశించి, మొదటి నాలుగేళ్ళు చీమకుర్తి పరిసరాలలోనే గడిపారు. క్వారీలలో మందు పేలినప్పుడల్లా కిటికీ రెక్కలు అదిరేవనీ, రాయి లారీలు లేపిన దుమ్ము ఉదయం తుడిచిన బల్లపై మధ్యాహ్నానికే వేలితో పేరు రాయగలిగినంతగా పేరుకునేదనీ ఆమె చెబుతూ ఉంటారు. ఉడుకు రక్తం, చురుకైన చేతులు, రోజుకు ఎనభై మంది రోగులు. అటువంటి ఒక ఉదయం ఆమె నోటివెంట వచ్చిన ఒక మాట ఆమె జీవితాన్నే మలుపు తిప్పింది. ఈ సంగతిని ఆమె ఎన్నడూ దాచుకోలేదు. కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ మొదటి రోజునే స్వయంగా చెప్పేవారు. కనుక ఇక్కడ నేను రాయడం అపచారం కాదనుకుంటాను.

1988 వేసవిలో అర్ఫా బీ అనే వృద్ధురాలు ఆ కేంద్రానికి వచ్చారు. కుమారుడు క్వారీలో రాయి కోసే పనివాడు. "కళ్ళముందు పొగ కమ్మినట్టుంటోంది బేటీ, దారి సరిగా ఆనడం లేదు" అన్నారావిడ. వరుస వాకిలి దాటి ఉంది. రెబ్కా గారు తలెత్తి కూడా చూడకుండా, "అరవై దాటాయి కదమ్మా. ఈ వయసులో అంతేలే. సర్దుకోవాలి" అని పంపేశారు. కసిరి అనలేదు, విసుక్కుని అనలేదు. ఓదార్పుగానే అన్నాననుకున్నారు.

మరుసటి ఏడు ఆ ఊళ్ళో కంటి శిబిరం పెట్టారు. రోగులను పిలవడానికి ఇంటింటికీ తిరుగుతున్న రెబ్కా గారికి, ఒక గుమ్మంలో గోడ పట్టుకుని నడుస్తున్న అర్ఫా బీ కనిపించారు.

"శిబిరానికి రాలేదేమమ్మా? ఊళ్ళో చాటింపు వేశారు కదా?"

"ఎందుకు రావాలి బేటీ? నువ్వే చెప్పావు కదా, అంతేలే అని. అంతేలే అంటే మందు లేదనే కదా?" అని, కోపమేమీ లేకుండా, ఆవిడ ఇంకో మాట అన్నారు. "మా నస్రత్ పెళ్ళి కూడా అయిపోయింది. మనవరాలు. పెళ్ళిబట్టలు ఏం రంగని అడిగితే ఎర్రవన్నారు. చేత్తో తడిమి చూసుకున్నా. బాగున్నాయి."

అది శుక్లం. ఒంగోలు తీసుకువెళ్ళి శస్త్రచికిత్స చేయించారు. పక్కన కూర్చుని కట్టు విప్పించింది రెబ్కా గారే. చూపు వచ్చింది. ఆవిడ మొదట రెబ్కా గారి ముఖం చూసి, "ఇంత చిన్నపిల్లవా నువ్వు!" అని నవ్వారట. కానీ నస్రత్ పెళ్ళి మళ్ళీ జరగదు కదా. "ఆ రోజు నేను మందు తప్పు ఇవ్వలేదు, సూది తప్పు చెయ్యలేదు. మాట తప్పు ఇచ్చాను. అది పదకొండు నెలలు పనిచేసింది" అని ముప్పై ఆరేళ్ళ తర్వాత కూడా ఆమె చెప్పడం మనలో చాలామంది విన్నదే.

అనంతరం 1991 నుండి గుంటూరులోనూ, 2003 నుండి ఒంగోలులోనూ శస్త్రచికిత్స విభాగాలలో పనిచేసి, హెడ్ నర్సుగా పదోన్నతి పొందారు. ఆ పద్దెనిమిదేళ్ళలో ఆమె రెండు అలవాట్లు చేసుకున్నారు. పెద్దవయసు రోగి ఎవరు చేరినా, తాత అనో, మామ్మ అనో తనకు తోచినట్టు పిలవకుండా, "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగి ఆ పిలుపును కేస్ షీటు మీద పెన్సిలుతో రాసుకోవడం మొదటిది. రోగిని గురించిన ఏ ప్రశ్ననైనా పక్కనున్న కొడుకునో, కోడలినో కాక రోగినే అడగడం రెండవది. వినడానికివి చిన్న విషయాలే. కానీ తొందరలో ఉన్న ఆసుపత్రిలో వీటిని ఒక్క రోజు పాటించి చూసినవారికి తెలుస్తుంది, ఎంత ఓర్పు కావాలో. ఒకే జబ్బుతో, ఒకే మందుతో పక్కపక్క మంచాలపై ఉన్న ఇద్దరిలో ఒకరు వారానికే లేచి కూర్చోవడం, మరొకరు గోడవైపు తిరిగి పడుకోవడం ఆమె ఎన్నోసార్లు చూశారు. ఆ తేడా ఎక్కడ వస్తోందా అని గమనిస్తే, మంచం చుట్టూ నిలబడ్డవాళ్ళ మాటల దగ్గర తేలిందని ఆమె అనేవారు.

2009లో రెబ్కా గారు మన ఆసుపత్రికి వచ్చారు. మరుసటి ఏడు నేను వచ్చాను. ఆమె పద్ధతులు చూసి మొదట్లో నాకు నవ్వు వచ్చిన మాట వాస్తవం. మందు మందే, మాట మాటే అని నమ్మినవాణ్ణి. ఆ నమ్మకం 2012 ఫిబ్రవరిలో, మగవాళ్ళ వార్డులో తొమ్మిదో నంబరు మంచం దగ్గర సడలింది.

ఆ మంచం మీద ఉన్నది బాపయ్య గారు. డెబ్బై నాలుగేళ్ళ మిర్చి రైతు. కల్లంలో ఎండబోసిన కాయ మీద మంచు పడకుండా పట్టా కప్పబోయి, జారి పడి తుంటి విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చక్కగా జరిగింది. వారం తిరక్కుండా లేపి నడిపించమని చెప్పి పంపారు. కానీ ఇంట్లో నెల్లాళ్ళపాటు ఆయన లేవలేదు, ఎవరూ లేపలేదు. నడుము దగ్గర పుండు పడి, జ్వరం వచ్చి, మన దగ్గర చేర్చారు. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. పుండు మానుతోంది. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని పడుకుని, తిండి తగ్గించి, మాట మానేశారు.

నేను మందులు సరిచూడటానికి వార్డుకు వెళ్ళిన ఆ ఉదయం మంచం చుట్టూ బంధువులు ఆరుగురు ఉన్నారు. "ఇంకేం లేత్తాడ్లే, డెబ్బై నాలుగేళ్ళాయె" అని ఒకరు, "లేపి ఇబ్బంది పెట్టమాకండి, ఈ వయసులో ఆ నొప్పి తట్టుకోలేడు" అని మరొకరు. అప్పుడే వచ్చిన యువ వైద్యుడొకరు బాపయ్య గారి మీదుగా ఆయన కుమారుడు వీరబాబుతో, "రాత్రి అన్నం తిన్నాడా?" అని అడిగారు.

"ఆయన్నే అడగండి డాక్టరు గారూ. పక్కనే ఉన్నారు" అన్నారు రెబ్కా గారు మెల్లగా. బంధువులను బయటకు పంపి, స్టూలు లాక్కుని, ఆయన ముఖానికి ఎదురుగా కూర్చున్నారు.

"మిమ్మల్ని ఏమని పిలవమంటారండీ?"

ఆయన కళ్ళు తెరిచారు. "మిర్చి యార్డులో అందరూ బాపయ్యగారూ అంటారు. ఇక్కడికొచ్చాకే తాతనయ్యా."

"బాపయ్యగారూ, ఇప్పుడు కల్లంలో కాయ ఎవరు చూస్తున్నారు?"

"ఎవరు చూత్తారు? మావోడికి తాలుకాయకీ మంచికాయకీ తేడా తెలవదు. మొత్తం కలిపేసుంటాడు." తెల్లబారిన నాసి కాయను తాలు అంటారు. అది కలిస్తే సరుకంతా చెడ్డపేరు తెచ్చుకుంటుంది.

"మరి మీరెప్పుడు వెళ్ళి చూస్తారు?"

"నేనా? నేనింకేం ఎల్తానమ్మా. మన పనైపోయిందిగా."

"ఎవరన్నారు?"

"అందరూ అంటన్నారుగా. నేనింటన్నాననే ఇది గూడా లేదు ఒక్కడికి."

రెబ్కా గారు తిన్నగా నా దగ్గరకు వచ్చి ఒక అట్టముక్క కావాలన్నారు. సెలైను పెట్టె మూత చింపి ఇచ్చాను. నా చేతిరాత బాగుంటుందని నన్నే రాయమన్నారు. "ఈ మంచము వద్ద ‘ఈ వయసులో’ అను పదములు ఉచ్చరింపరాదు" అని రాసిచ్చాను. ఆమె చదివి, "ఇది ఆయన భార్య పిచ్చమ్మగారికి అర్థం కావాలండీ, మనక్కాదు" అని తిప్పి రాయించారు. "ఇక్కడ ‘ఈ వయసులో’ అనొద్దు." ఆ అట్ట పది రోజులు తొమ్మిదో మంచం తలాపున వేలాడింది. మొదటి రోజు అందరూ నవ్వారు. రెండో రోజు పిచ్చమ్మ గారే, చూడవచ్చిన తోడికోడలు నోరు తెరవబోతుంటే, "ఒసేయ్, ఆ అట్ట సూసి మాట్లాడు" అని వార్డంతా వినిపించేలా గద్దించారు.

రెబ్కా గారు ఆయనకు మాయమాటలు చెప్పలేదు. ఇది ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. "పరిగెత్తడం కుదరదు. బస్తా ఎత్తడం ఇంక లేదు. నిలబడిన మొదటి రోజు ప్రాణం పోయినట్టుంటుంది. పది రోజులు అట్లాగే ఉంటుంది. ఆ తర్వాత వాకరు పట్టుకుని నడుస్తారు, ఆ పైన చేతికర్రతో. కల్లంలో మంచమేసుకుని కూర్చుని కాయ చూడటానికి అది చాలు కదా?" అని అడిగారు. ఆయన ఆలోచించి, "చాలు" అన్నారు. రెండు పూటలా ఆమే దగ్గర నిలబడి లేపారు. నిజంగానే ఆయన మొదటి రోజు అరిచిన అరుపుకు నేను కిటికీ దగ్గర ఉలిక్కిపడ్డాను. తొమ్మిదో రోజున మంచం నుండి వరండా దాకా నడిచారు. నడిచి, అక్కడ నిలబడి, కొడుకును చూసి, "ఒరేయ్ వీరబాబూ, రేపు రెండు గుప్పిళ్ళు కాయ పట్రారా, ఏం చేత్తన్నావో చూత్తా" అన్నారు. మరునాడు ఆ మంచం మీదనే కాయలు పరిచి, తాలు ఏరి పక్కన పెడుతూ కుమారుణ్ణి తిట్టిన తిట్లకు వార్డులో సగం మంది తుమ్ముతూ, సగం మంది నవ్వుతూ ఉండిపోయారు. పరిశుభ్రతా నియమాలకు అది విరుద్ధమని రెబ్కా గారు తర్వాత తమ మీద తామే నోట్ రాసుకున్నారు.

బాపయ్య గారు ఆ తర్వాత ఏడు మిరప పంటలు చూశారు.

ఆ ఏటి నుండి ప్రతి గురువారం ఉదయం మన ఓ.పి. వరండాలో పెద్దవాళ్ళ కోసం ఒక అరగంట కేటాయింపజేశారు రెబ్కా గారు. దానికి పేరంటూ ఏమీ పెట్టలేదు. బల్లలు వేసి, మజ్జిగ ఇచ్చి, ముసలితనం గురించి వారినే మాట్లాడమనేవారు. మోకాళ్ళ నొప్పులు, నిద్రపట్టకపోవడం, చెప్పుకోవడానికి సిగ్గుపడే మూత్ర సమస్యలు, చావు భయం, అన్నీ బయటికి వచ్చేవి. "ఇవన్నీ వయసుకు సహజం" అని ఊరుకోక, ఏది నిజంగా వయసు వల్ల వచ్చేదో, ఏది మందుతో పోయేదో విడమరిచి చెప్పించేవారు. పత్తి చేలలోనూ, మిర్చి కోతలలోనూ నడుములు వంచిన స్త్రీలు తమ ఒంటి గురించి తాము గట్టిగా మాట్లాడుకోవడం నేను జీవితంలో మొదటిసారి ఆ వరండాలోనే విన్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ గురువారాల మజ్జిగ వాసన, నవ్వులు, కిటికీకి ఇవతల నేను మాత్రల లెక్క మరచి చెవి ఒగ్గిన క్షణాలు, నా ఉద్యోగ జీవితంలో అత్యంత మధురమైన భాగమని అనిపిస్తుంది.

ఇక నాకు కష్టమైన భాగం.

కరోనా కాలంలో అందరి ముఖాలకూ మాస్కులు వచ్చాయి. ఆ రోజుల నుండి రెబ్కా గారు కొన్ని మాటలకు జవాబు ఇవ్వకపోవడం, కొన్నింటికి వేరే జవాబు ఇవ్వడం మేము గమనించాము. అప్పటిదాకా ఆమె పెదవుల కదలికను చూసి నెట్టుకొస్తున్నారని మాకు తెలియదు, బహుశా ఆమెకూ తెలియదు. మాస్కులు పోయినా ఆ లోపం పోలేదు, పెరిగింది. మేమేం చేశాం? ఆమెపై అభిమానం కొద్దీ, గౌరవం కొద్దీ, ఆమెకు తప్ప తక్కినవారందరికీ చెప్పుకున్నాం. ఫోన్లు ఆమెకు ఇవ్వడం మానేశాం. కొత్త కంప్యూటరు నమోదు పద్ధతి ఆమెకు నేర్పలేదు. ఆమె ఏదైనా మళ్ళీ చెప్పమంటే, "ఏం లేదులే మేడమ్" అని చేయి ఊపి వెళ్ళిపోయాం. 2023లో ఒక మధ్యాహ్నం టీ తాగుతూ, ఆమె నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉండగా, వినపడదనే ధైర్యంతో నేనే అన్నాను. "పాపం, పెద్దావిడ. ఇంకెంత, రెండేళ్ళేగా. లాగించేయనివ్వండి."

ఆమె తలెత్తి నన్ను చూశారు. ఆ రోజు నుండి గురువారం అరగంటను జూనియర్లకు వదిలేశారు. వార్డులో నవ్వు తగ్గింది. ఏ పని చెప్పినా "నాకెందుకులెండి, పిల్లలు చూసుకుంటారు" అనేవారు. అప్పుడు కూడా మేము, పెద్దవయసు కదా, సహజమేనని అనుకున్నాం.

ఆ నవంబరులో, ఉదయపు డ్యూటీ అప్పగింతలో స్టాఫ్ నర్సు బిందుమాధవి ఒక షుగరు రోగికి ఇవ్వవలసిన ఇన్సులిన్ మోతాదు పదిహేను యూనిట్లని ఇంగ్లీషులో చెప్పింది. రెబ్కా గారికి అది యాభై అని వినిపించింది. చెవిన పడిన మాటతోనే సూది పట్టే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. కేస్ షీటు తీసి చూశారు. పదిహేను అని ఉంది. రోగికి ఏ హానీ జరగలేదు. కానీ ఆ కాగితం ముందు ఆమె చాలాసేపు నిలబడి ఉండటం బిందుమాధవి చూసింది.

మరునాడు ఆమె నా కిటికీ దగ్గరకు వచ్చి ఒక కాగితం అందించారు. "ఒకసారి భాష చూసి పెట్టండి నరసింహం గారూ." అది స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు. "వయోభారం వలన విధులు నిర్వర్తించలేకపోతున్నాను" అని ఉంది. నేను కలం తీశాను. చెప్పడానికే సిగ్గుగా ఉంది, రెండో వాక్యంలో ఒక ఒత్తు సరిచేశాను. ఇంకో చోట కామా పెట్టాను. కాగితం తిరిగి ఇచ్చాను.

"సరిగ్గా ఉందంటారా?"

"భాష సరిగ్గానే ఉందండీ."

"మరి విషయం?"

ఆమె నా పెదవులను చూస్తున్నారని అప్పుడు గ్రహించాను. "విషయం తప్పండీ. మీకు వయోభారం కాదు. చెవులు వినపడటం లేదు. రెండు మూడేళ్ళ నుంచీ."

"ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు బాధపడతారని."

"ఇప్పుడు పడట్లేదా నేను?" అన్నారు. "వినపడట్లేదని నాకూ అనుమానమే. ఒప్పుకోబుద్ధి కాలేదు. అయినా వార్డులో ఇంతమంది ఉన్నారు కదా, ఒక్కరన్నా చెప్పుంటే! ఆ రోజు టీ దగ్గర మీరన్నది నాకు వినపడలేదండీ. కానీ మీ మొహం చూస్తే తెలిసింది. పేషెంటు మంచం దగ్గర చుట్టాలు నిలబడే మొహం అది" అన్నారు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు సెలవు పెట్టి, భర్త మార్క్ గారిని వెంటబెట్టుకుని గుంటూరు వెళ్ళి పరీక్ష చేయించుకున్నారు. రెండు చెవులకూ యంత్రాలు అమర్చారు. ఆ దరఖాస్తు కాగితం ఏమైందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

యంత్రాలతో వార్డులో అడుగుపెట్టిన రోజు ఆమె మొదట పైకి చూశారు. "మన ఫ్యాన్లు ఇంత చప్పుడు చేస్తాయా? ఇన్నాళ్ళూ పేషెంట్లు ఎట్లా నిద్రపోయారండీ ఈ మోతలో?" అని, ఆ వారమే అన్ని ఫ్యాన్లకూ మరమ్మతు చేయించారు. తర్వాత మనందరినీ పిలిచారు. చెవి నుండి యంత్రం తీసి అరచేతిలో పెట్టుకుని చూపించారు. ఆ రోజు ఆమె చెప్పిన మాటలు నాకు గుర్తున్నంతవరకు యథాతథంగా రాస్తున్నాను.

"నాకు చెవులు సరిగా వినపడవు. ఇది పెట్టుకుంటే చాలావరకు వినపడుతుంది. నాతో మాట్లాడేటప్పుడు ఎదురుగా నిలబడి, మామూలు గొంతుతో మాట్లాడండి. అరవమాకండి. వినపడకపోతే మళ్ళీ అడుగుతా, మళ్ళీ చెప్పండి. ‘ఏం లేదులే’ అని మాత్రం అనొద్దు. ఆ మాట అన్న ప్రతిసారీ నన్ను గదిలోంచి బయటికి పంపించినట్టే ఉంటుంది. ఇంకోటి. మీరందరూ నన్ను ఒక్క మాటా అనకముందే నేనే నన్ను అనుకున్నా, వయసైపోయింది, అంతేలే అని. ముప్పై ఏళ్ళు ఊరందరికీ అనొద్దని చెప్పి, నాకు నేను అనుకున్నా. అది మీ తప్పు కాదు."

అప్పుడు బిందుమాధవి ఏడ్చేసింది. రెబ్కా గారు ఆ అమ్మాయి భుజం తట్టి, "ఏడుపెందుకు, నాకు ఆ కంప్యూటరు నేర్పు" అన్నారు. నేర్చుకున్నారు. మొదటి నెలలో నలుగురు మగవాళ్ళను ప్రసూతి వార్డులో చేర్చారన్న సంగతి ఇక్కడ రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. మోతాదు ఏదైనా అప్పగింతలో అంకెకు అంకె విడదీసి, ఒకటి, ఐదు అని పలికి, బోర్డు మీద రాయాలన్న నియమం ఆ డిసెంబరులో ఆమె పెట్టిందే. అది నేటికీ మన ఆసుపత్రిలో అమలులో ఉంది. గురువారం అరగంట మళ్ళీ ఆమె చేతికి వచ్చింది. యంత్రం పెట్టుకోవడానికి నామోషీ పడి నలుగురిలోకి రావడం మానేసిన ఎందరో పెద్దలు, ఆమె చెవిని చూసి, ఆమెను అడిగి, తామూ పరీక్షకు వెళ్ళారు. స్వచ్ఛందంగా వదులుకోబోయిన ఆ పంతొమ్మిది నెలలు, నా దృష్టిలో, ఆమె ఉద్యోగ జీవితానికే తలమానికం.

పోయిన వారం రెబ్కా గారు నా కిటికీ దగ్గర ఆగి, ఈ వ్యాసం గురించి అడిగారు. జూలైలో ఏం చేస్తారని నేను అడిగాను. స్కూటీ నేర్చుకుంటానన్నారు. మార్క్ గారు ఇప్పటి నుంచే భయపడుతున్నారట.

"ఇంతకీ చివర్న ఏం రాశారు?"

"అందరికీ రాసేదేనండీ. మీ శేషజీవితం ఆయురారోగ్యాలతో, సుఖసంతోషాలతో..."

"శేషం అంటే ఏందండీ?"

"మిగిలినది."

"అన్నం తిని లేచాక విస్తట్లో ఉండేదా?"

ఈ చేత్తో ఇప్పటికి ఇరవై ముగ్గురు సహోద్యోగులకు శేషజీవితం రాసిచ్చాను. ఎంతో అందమైన పదమనుకునే రాశాను. వారంతా శాలువా కప్పుకుని, ఆ మాట చదివించుకుని, ఇంటికి వెళ్ళారు. అందులో ఒక్కరైనా ఆ రాత్రి దాని అర్థం ఆలోచించి ఉంటారా అని ఇప్పుడు బెంగగా ఉంది.

"కొట్టేయండి నరసింహం గారూ" అన్నారు ఆమె, నవ్వుతూనే.

కొట్టేశాను. ఆ ఖాళీలో పెట్టడానికి సాటివచ్చే సంస్కృత సమాసం నాకు దొరకలేదు.

రెబ్కా గారూ, నేను మీకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాణ్ణి. దీవించే అర్హత లేదు గానీ కోరుకునే చనువు ఉంది. మీ మోకాళ్ళు మీ మాట వినాలి. మీ చెవిలోని యంత్రానికి బ్యాటరీ నిండుకోకూడదు. మార్క్ గారు వెనుక కూర్చుని భయపడేంత వేగంగా మీరు చాలా ఏళ్ళు బండి నడపాలి. మీకేదైనా తేడా కనిపిస్తే మీ ముఖం మీదే చెప్పే స్నేహితులు, ముందుగా నేను, మీ చుట్టూ ఉండాలి. మీ జీవితం, దానికి ముందు ఏ మాటా తగిలించకుండా, మీ జీవితం, ఆరోగ్యంగా, నిండుగా, నూరేళ్ళూ సాగాలి.

లక్ష్మీనరసింహం
ఫార్మసీ ఆఫీసర్